మా కయ్యల పొగకు పైమబ్బుల్లో ఏం పని?

పోయిన ఏప్రిల్లో మా ఊళ్ళో రైతుల మీటింగు పెట్టారు. వేపచెట్టు కింద షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసుల్లో మజ్జిగ. కోతలు అయిపోయి వారం కూడా కాలేదు. కూర్చున్న చోటి నుంచి చూస్తే కాలవ అవతల రెండు కయ్యలు (వరిమళ్ళు) తగలబడుతూనే ఉన్నాయి. వచ్చిన ఆఫీసరు ఆ పొగ వైపు చెయ్యి చూపించి, "మీరిట్లా గడ్డి కాల్చబట్టే వానలు పోతున్నాయి. పొగ పట్టిన మబ్బు కురవదు. ఇది నా మాట కాదు, సైన్సు" అన్నాడు.

వెనక వరసలోంచి మా మామ లేచాడు. "అయ్యా, పొగే గదా మబ్బయ్యేది? పొగ లేకపోతే మబ్బు యాడ్నించి వస్తది? మా తాతల కాడ్నించీ వానల కోసం హోమాలు చేస్తుండారు. పొగ పైకి పోవాలనే గదా!"

జనం నవ్వారు. ఆఫీసరూ నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు. మామ నా వైపు తిరిగి, "ఏం అబ్బయ్యా, నువ్వు చదివినోడివి గదా, చెప్పు" అన్నాడు.

నేను చదివింది ఫిజిక్సు. రిటైరయ్యేదాకా ఇంటర్ పిల్లలకు చెప్పిందీ అదే. ఆ రోజు మాత్రం నా నోట్లోంచి "ఇద్దరిదీ సగం సగమే మామా" అన్న ముక్క ఒక్కటే వచ్చింది. ఈలోగా మజ్జిగ అయిపోయింది, అందరూ లేచారు. నా మాట అక్కడే ఆగిపోయింది. చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక విషయం. గడ్డి తగలబెట్టడం నాకు ఇష్టం లేదు. మా ఇంట్లో ఆస్తమా మనిషి ఉంది, ఏప్రిల్ వచ్చిందంటే సాయంత్రం కిటికీలు మూసుకుని కూర్చుంటాం. అయినా సరే, ఆఫీసరు చెప్పిన కారణం తప్పనే అంటాను. ఎందుకంటే అక్టోబరులో వాయుగుండం వచ్చి చెరువులు అలుగు పారితే, "చూశారా, కాల్చినా పడింది వాన" అని మా వాళ్ళే అంటారు. అప్పుడు ఆయన చెప్పిన మంచి మాటలు కూడా ఆ వానలోనే కొట్టుకుపోతాయి.

మామ మాట ముందు చూద్దాం. గాలిలో ఎంత ఆవిరి ఉన్నా దానంతటది చుక్క కాలేదు. కూర్చోవడానికి ఏదో ఒకటి దొరకాలి. సముద్రం మీంచి వచ్చిన ఉప్పు రవ్వో, దుమ్మో, పొగ నుసో. వరిగడ్డి పొగలో పొటాషియం క్లోరైడు బాగా ఉంటుంది. అది మన ఉప్పుకు వరసకు తమ్ముడు, తేమ కనపడితే లాగేసుకుంటుంది. మేఘమథనం చేసేటప్పుడు వెచ్చటి మబ్బుల కింద విమానం రెక్కలకు కట్టి కాల్చే గొట్టాలుంటాయి, వాటిలో ఉండేది కూడా ఇలాంటి లవణాలే. (ఈ ముక్క మామకు చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. చెబితే పక్క కయ్య కూడా అంటిస్తాడు.) కాబట్టి పొగ లోంచి మబ్బు చుక్కలు పుడతాయన్నది నిజం. గీతలో "యజ్ఞాద్భవతి పర్జన్యః" అని ఉంది. యజ్ఞమంటే పొగ అని మాత్రం లేదు.

చిక్కంతా అక్కడి నుంచి మొదలవుతుంది. మబ్బు చుక్క వేరు, వాన చుక్క వేరు. ఒక్క వాన చుక్క కావాలంటే సుమారు పది లక్షల మబ్బు చుక్కలు కలవాలి. వందమందికి వండిన పెళ్ళిలో వెయ్యిమంది విస్తళ్ళ ముందు కూర్చుంటే ఎవరి కడుపూ నిండదు. పొగ దట్టంగా ఉన్న గాలిలో జరిగేది అదే. ఉన్న ఆవిరిని లక్షల నుసులు పంచుకుంటాయి, చుక్కలన్నీ పొడిలాగా సన్నగా ఉండిపోతాయి. అంత చిన్నవి ఒకదానికొకటి తగిలి పెద్దవి కావడం కష్టం. అమెజాన్ అడవుల మీద విమానాలతో కొలిచి చూసిన ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. శుభ్రమైన గాలిలో పుట్టిన మబ్బు, దాని అడుగు నుంచి 1.5 కిలోమీటర్లు పెరిగేసరికే వాన చుక్కలు కట్టడం మొదలుపెట్టింది. పొగ పట్టిన మబ్బుకు 5 కిలోమీటర్లు దాటి పెరగాల్సి వచ్చింది. మంట మీదనే పుట్టిన మబ్బుకైతే 7 కిలోమీటర్లు దాటాయి.

ఆఫీసరు చదివింది ఇక్కడిదాకానే అనుకుంటాను. ఇక్కడిదాకా ఆయనదీ కరెక్టే. కానీ మబ్బు కథ 5 కిలోమీటర్ల దగ్గర ఆగిపోదు. మన వైపు ఎండాకాలంలో నేల నుంచి లెక్కపెడితే ఇంచుమించు 5 కిలోమీటర్ల ఎత్తులోనే ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది. అక్కడి నుంచి పైనంతా మంచు రాజ్యం.

కొన్నేళ్ళ కింద మే నెలలో నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక కూల్‌డ్రింక్ షాపులో నీళ్ళ సీసా అడిగాను. పిల్లాడు డీప్ ఫ్రీజర్ అడుగునుంచి ఒకటి తీసిచ్చాడు. లోపల నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి, ఊపితే కదులుతున్నాయి. మూత తిప్పి సీసాను గాజు అరుగు మీద టక్కున పెట్టాను. పైనుంచి తెల్లటి సూదులు కిందికి దిగడం మొదలయ్యాయి. వెంట్రుకల్లాగా, ఈకల్లాగా, చూస్తుండగానే మెడ దాటి, నడుము దాటి, అయిదారు క్షణాల్లో సీసా మొత్తం పాలలాగా తెల్లబడింది. పిల్లాడు భయపడి, "సార్, అది పాడైపోయుండాది, ఇంకోటి ఇస్తా" అన్నాడు. నేను ఇవ్వలేదు. ఆ సీసా చేతిలో పట్టుకుని బస్టాండు దాకా నడిచాను, తాగలేదు కూడా.

నీళ్ళు సున్నా దగ్గర గడ్డకడతాయని బళ్ళో నేనే చెప్పాను కొన్ని వందలసార్లు. ఆ వాక్యం సగమే నిజం. సున్నా దగ్గర కరగడం మాత్రం ఖాయం. గడ్డకట్టాలంటే నీటి అణువులు ఒక వరసలో కుదురుకోవాలి. మొదటి వరస ఎవరు వేస్తారన్నదే సమస్య. సీసాలో ఆ పని మూత తీసినప్పుడు పడ్డ నలుసో, నేను కొట్టిన దెబ్బో చేసింది. మబ్బులో చుక్కను తట్టేవాడు ఎవడున్నాడు? అందుకే శుభ్రమైన మబ్బు చుక్క మైనస్ 10లో, మైనస్ 20లో, మైనస్ 30లో కూడా నీళ్ళుగానే తేలుతూ ఉండగలదు. ఇంచుమించు మైనస్ 38 దగ్గర ఇక ఎవరి సాయం అక్కర్లేకుండా దానంతటదే గడ్డకడుతుంది. మన నెల్లూరు మీద ఆ చలి తగలాలంటే 10, 11 కిలోమీటర్లు పైకి పోవాలి.

ఈ సున్నాకూ మైనస్ 38కీ మధ్య ఉన్న ఆరు కిలోమీటర్ల మేర విత్తనాలదే, అంటే మంచుకు ఆ మొదటి వరస వేసిపెట్టే నుసులదే పెత్తనం. మంచు విత్తనం మీద కుదురుకుంటే మబ్బు తీరే మారిపోతుంది. అదే చలిలో నీటి చుక్క కన్నా మంచు పలుకు ఆవిరిని గట్టిగా పట్టుకుంటుంది. చుట్టూ ఉన్న చుక్కలు ఆవిరై తరిగిపోతుంటే మధ్యలో పలుకు బలుస్తుంది, బరువెక్కి జారుతుంది, కిందికొచ్చేసరికి కరిగి వాన చుక్క అవుతుంది. మే నెలలో మన మీద పడే గాలివానల్లో ఎంతో భాగం ఇట్లా ఒకప్పుడు మంచుగా ఉండి కరిగిన నీళ్ళే. కరగడానికి వ్యవధి చాలకపోతే వడగళ్ళు.

మరి పొగ ఈ మంచుకు విత్తనమవుతుందా?

చాలాకాలం అవుతుందనే అనుకున్నారు. మసి నల్లగా, గరుగ్గా, చుక్కకు పట్టు దొరికేట్టు ఉంటుంది కాబట్టి మంచుకూ దొరుకుతుందని ఊహ. తర్వాత ల్యాబుల్లో జాగ్రత్తగా చూస్తే, మైనస్ 38 కన్నా వెచ్చగా ఉన్నంతసేపు తాజా మసి దాదాపు దేనికీ పనికిరాలేదు. నీటిచుక్కకు కావలసింది తేమ పీల్చే గుణం. మంచుకు కావలసింది వేరు, తన అణువుల వరసకు సరిపోయే అచ్చు. ఇటుకబట్టీ దగ్గర చూడండి, మట్టి ఎంత మంచిదైనా అచ్చు లేకపోతే ఇటుక రాదు.

ఆ అచ్చును మొదట చేతికి తెచ్చుకున్న కథ 1946 నాటిది. అమెరికాలో స్కెనెక్టడీ అనే ఊళ్ళో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ల్యాబులో విన్సెంట్ షేఫర్ అనే ఆయన ఇళ్ళలో వాడే ఫ్రీజరుకు లోపల నల్ల మఖమలు గుడ్డ పరిచి, అందులోకి నోటితో ఊది మబ్బు తయారుచేసుకునేవాడు. జులై ఎండకు ఫ్రీజరు చల్లబడటం లేదని పొడి ఐసు ముక్క ఒకటి పడేశాడు. అంతే, మబ్బంతా తళతళలాడే మంచు పలుకులైపోయింది. అదే ఏడాది అదే ల్యాబులో బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడును పట్టుకున్నాడు. దాని అణువుల అమరిక మంచు అమరికకు చాలా దగ్గరగా ఉంటుంది. ఎండిన ఊళ్ళ మీద మేఘమథనం పేరుతో విమానాలు చల్లే మందుల్లో దాని పేరే ఎక్కువ వింటాం.

ప్రకృతిలో దానికి సాటి మట్టి. అన్ని మట్టులూ కాదు. 2013లో బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీ వాళ్ళు ఎడారి దుమ్ములోని ఖనిజాలను విడివిడిగా పరీక్షించి, అసలు పనిమంతుడు పొటాష్ ఫెల్డ్‌స్పార్ అని తేల్చారు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. సైదాపురం వైపు అభ్రకం గనుల దగ్గర, తెల్లరాయి గుట్టల మధ్య, గులాబీ రంగులో పడి ఉండే రాయి అదే. మేం చిన్నప్పుడు ఆ రాళ్ళతో కుక్కల్ని తరిమేవాళ్ళం. మబ్బులకు అది అంత మంచి విత్తనమని తెలియదు.

ఇప్పుడు పొగకు మళ్ళీ వస్తాను. మసి పనికిరాదన్నాను. కానీ పొగ అంటే మసి ఒక్కటే కాదు. అందులో తారు లాంటి జిగురు ఉంటుంది, ఉప్పులుంటాయి, బూడిద ఉంటుంది. బూడిదలో ఏముందన్నది ఏది తగలబెట్టామన్న దాన్నిబట్టి ఉంటుంది. 2020లో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు కట్టెలనూ, పొడుగ్గా పెరిగే గడ్డినీ కాల్చి ఆ పొగను విడివిడిగా పరీక్షించారు. కట్టెల పొగకన్నా గడ్డి పొగలో మంచు విత్తనాలు ఎక్కువ కనిపించాయి. గడ్డిలో ఉన్న సిలికా, పొటాష్, సున్నం మంట వేడికి కలిసి కొత్త ఖనిజాలుగా మారుతున్నాయన్నమాట. అంటే గడ్డిలో లేని రాతినుసి మంటలో పుడుతోంది.

వరి కూడా గడ్డి జాతే. వరి ఆకు అంచు మీద వేలు పెట్టి వెనక్కి లాగితే రక్తం కారుతుంది, అది సిలికా పదును. కోత మిషను వెళ్ళాక కొయ్యకాళ్ళ మధ్య ఉత్త కాళ్ళతో నడిచినవాడికి సిలికా గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. వాళ్ళు కాల్చింది వరిగడ్డిని కాదు కాబట్టి ఆ లెక్కను తెచ్చి మా కయ్యలకు అతికించను. కానీ "పొగ" అనే ఒక్క మాట కింద తుమ్మకట్టెల పొగనూ, వరిగడ్డి పొగనూ, కొండపి వైపు పొగాకు ఎండబెట్టే బ్యారన్ల పొగనూ, నల్లమలలో మార్చిలో అంటుకునే ఆకుల పొగనూ ఒకే గాట కట్టి "వానొస్తుంది", "వాన పోతుంది" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మామైనా సరే, ఆఫీసరైనా సరే.

లెక్క కూడా చూడాలి. మామూలు గాలి ఒక లీటరులో నుసులు లక్షల్లో ఉంటాయి. మైనస్ 20 దగ్గర వాటిలో మంచుకు విత్తనమయ్యేది సాధారణంగా ఒకటో, కొన్నో. నీటి చుక్కకు పొగలో ప్రతి రెండోవాడూ పనికొస్తాడు. మంచుకు లక్షలో ఒకడు పనికొస్తే గొప్ప. అందుకే పొగ పట్టిన మబ్బు సన్న చుక్కలతో నిండి, గడ్డకట్టకుండా అట్లాగే పైపైకి పోయి, మైనస్ 38 దగ్గర ఉన్నట్టుండి మొత్తం ఒక్కసారే గడ్డకట్టడం జరుగుతుంది. అప్పుడు పుట్టే పలుకులు కోట్లలో ఉంటాయి, కానీ ఒక్కొక్కటీ పిండి రవ్వంత. అవి పడవు. మబ్బు నెత్తి మీద పళ్ళెంలాగా పరుచుకుని గంటల తరబడి గాలికి పోతుంటాయి.

పెద్ద అడవి మంటలు తామే ఉరుముల మబ్బును పుట్టించినప్పుడు ఇది కళ్ళకు కడుతుంది. 2019 డిసెంబరు చివర, 2020 జనవరి మొదట్లో ఆస్ట్రేలియా అడవులు తగలబడినప్పుడు అట్లాంటి మబ్బులు పొగను వాన పొరలన్నీ దాటించి స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎత్తి పడేశాయి. నల్లటి పొగకు ఎండ తగిలి ఇంకా వేడెక్కి, 1000 కిలోమీటర్ల వెడల్పున ఒక సుడి తయారై 35 కిలోమీటర్ల ఎత్తుదాకా పోయింది. మా కాలవ అవతల మంటకు అంత సత్తా లేదు. కొయ్యకాళ్ళ మంట అరగంటలో చప్పబడిపోతుంది. ఆ పొగ ఎండాకాలపు మధ్యాహ్నం మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు లేచి అక్కడే పరుచుకుంటుంది. దాన్ని పైకి లాక్కుపోవాలంటే ఉరుముల మబ్బు రావాలి. ఏప్రిల్, మేలలో సాయంత్రాలు పడమర నుంచి, వెలిగొండల మీదుగా అవి వస్తూనే ఉంటాయి. వచ్చినప్పుడు కింది గాలిని స్ట్రా పెట్టి పీల్చినట్టు పీల్చి, 14, 15 కిలోమీటర్ల ఎత్తున కక్కుతాయి. మా గడ్డి పొగలో వాన కడిగెయ్యగా మిగిలింది పైమబ్బుల దాకా పోయే దారి అదొక్కటే.

పైమబ్బులంటే పల్చగా, ఈకల్లాగా కనపడేవి, సిర్రస్ మేఘాలు. వాటిని చూడటానికి విమానం ఎక్కక్కర్లేదు. చందమామ చుట్టూ వరదగుడి కడుతుంది చూడండి, అది వాటి పనే. ఆరు మూలల మంచు పలుకుల్లోంచి వెన్నెల వంగి వస్తే చంద్రుడి చుట్టూ 22 డిగ్రీల దూరంలో వలయం కడుతుంది. ఇంకో రకం గుడి ఉంది, చంద్రుణ్ణి ఆనుకుని చిన్నగా, రంగురంగులుగా. అది పల్చటి నీటి మబ్బు వల్ల వస్తుంది. "దూరాన గుడి కడితే దగ్గర వాన, దగ్గర గుడి కడితే దూరాన వాన" అని మా అమ్మమ్మ అనేది. మంచు మబ్బుకూ నీటి మబ్బుకూ తేడాను ఆకాశంలోని వలయం సైజు చూసి చెప్పిన మాట అది. సామెతలన్నీ సైన్సే అనే బ్యాచ్‌లో నన్ను కలపకండి. ఈ ఒక్కదానికి మాత్రం దణ్ణం పెడతాను. వాయుగుండం వచ్చే ముందు మొదట ఆకాశంలోకి ఎక్కేది ఆ పలచటి మంచు పొరే కదా.

మనకు దగ్గర్లోనే, తిరుపతి పక్కన గాదంకిలో, ఆకాశంలోకి లేజరు వేసి ఈ మబ్బుల్ని కొలిచే లైడార్ ఉంది. కంటికి కనపడనంత పలచటి సిర్రస్ పొరలు కూడా దానికి దొరుకుతాయి. మన ఆకాశం నీలంగా, ఖాళీగా ఉందనుకునే రోజుల్లో కూడా 14, 15 కిలోమీటర్ల ఎత్తున మంచు తేలుతూ ఉండొచ్చన్నమాట.

అంత చలిలో పొగ కొత్త వేషం కడుతుంది. ఇక్కడే విషయం నాకు బాగా రుచిస్తుంది. పొగలోని తారు జిగురును బెల్లం పాకం అనుకోండి. పొయ్యి మీద ఉన్నంతసేపు కారుతుంది. కొంచెం చల్లారితే తీగ సాగుతుంది. చల్లటి నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే టక్కుమని ముత్యంలా గట్టిపడుతుంది, పళ్ళెం అంచుకు కొడితే గలగలమంటుంది. పొగ నుసి మీదున్న జిగురు కూడా పైకి పోయేకొద్దీ అట్లాగే ముదిరి, మైనస్ 50, 60 దగ్గర గాజులాగా అవుతుంది. నీళ్ళు పీల్చుకుని కరిగిపోవాల్సిన నుసి రాయిలా నిలబడుతుంది. ఆ గట్టి ఒంటి మీద ఆవిరి నేరుగా మంచుగా కూర్చోగలదు. కింద పనికిరాడనుకున్నవాడు పైకి పోయాక పనిమంతుడయ్యాడు.

ఇది ల్యాబు మాట మాత్రమే కాదు. 2020 అక్టోబరు, నవంబరులలో ఉత్తర అమెరికా అడవి మంటల పొగ సముద్రాలు దాటి సైప్రస్ దీవి మీదికి వచ్చింది. అక్కడి లిమస్సోల్ నగరంలో లైడార్ పెట్టుకున్నవాళ్ళు ఆ పొగ పొరలోనే సిర్రస్ పుట్టడం చూశారు, ఆ పుట్టుకకు పొగే కారణమని రాశారు.

ఇట్లా పుడితే ఏమవుతుంది? పొగ లేకపోతే ఆ ఎత్తులో చిన్న ద్రావణపు చుక్కలు తమంతట తాము గడ్డకట్టాలి. దానికి గాలిలో ఆవిరి, మంచుకు కావలసినదానికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు పోగవ్వాలి. పొగ విత్తనాలు అంతదాకా ఆగవు. ముందే లేచి ఆవిరిని తినేస్తాయి. వాళ్ళు తిన్నాక మిగతావాళ్ళకు ఏమీ మిగలదు. అప్పుడు కోట్ల చిన్న పలుకుల బదులు, కొన్నే పలుకులు, పెద్దవి, తొందరగా జారిపోయేవి వస్తాయి. విత్తనాలు మరీ ఎక్కువైతే కథ అటు తిరుగుతుంది, రాకూడనిచోట కూడా మబ్బు కడుతుంది. సిర్రస్ పొర పల్చటి దుప్పటి లాంటిది. ఎండను పెద్దగా ఆపదు, నేల వదిలే వేడిని మాత్రం పట్టి ఉంచుతుంది. కాబట్టి దాని మందం ఎంత, ఎంతసేపు ఉంటుంది అన్నది భూమి వేడికి సంబంధించిన లెక్క.

నా వాదన మొత్తం ఈ చివరి వాక్యం మీదే నిలబడుతుంది. పొగకూ, పైమబ్బుల మంచుకూ సంబంధం ఉంది. కానీ ఆ మంచు మన కయ్యలో పడదు. సిర్రస్ నుంచి జారిన పలుకులు కింద పొడిగాలి తగలగానే ఆవిరైపోతాయి, నేలదాకా ఒక్కటీ రాదు. ఆఫీసరు చెప్పిన చిరునామాకు ఆ ఉత్తరం చేరదు.

ఇక మన జిల్లా సంగతి. మాకు వాన అంటే ఈశాన్య రుతుపవనాలు. ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది, అదీ బంగాళాఖాతంలో లేచే అల్పపీడనాలతో, వాయుగుండాలతో. మేం పెద్ద ఎత్తున గడ్డి కాల్చేది మార్చి, ఏప్రిల్లో. కింది గాలిలో పొగ నుసి ఆయుష్షు వారం, పది రోజులు. మార్చి పొగ అక్టోబరుదాకా ఆకాశంలో గుడిసె వేసుకుని కూర్చోదు. ఎడగారు (రెండో పంట) కోసిన ఏడు సెప్టెంబరులోనూ కొంత కాలుస్తారు, ఒప్పుకుంటాను. కానీ సముద్రం మీద వందల కిలోమీటర్ల మేర పోగైన తేమతో వచ్చే వాయుగుండం ముందు మా నాలుగు మండలాల పొగ ఎంత? 2021లో కూడా మావాళ్ళు గడ్డి కాల్చారు. ఆ నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే తెగింది, రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆ నెలలో ఏ ఆఫీసరూ వచ్చి "పొగ వల్ల వాన పోయింది" అనలేదు.

అయితే కాల్చుకోవచ్చా అంటే, లేదనే అంటాను. కారణాలకు ఆకాశం దాకా పోనక్కర్లేదు. గడ్డిలో ఉన్న నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, మళ్ళీ మనమే యూరియా మూటలకు క్యూలో నిలబడతాం. పైన రెండు అంగుళాల మట్టిలో బతికే వానపాము మాడిపోతుంది. సాయంత్రం గాలి నిలిచిపోతే ఆ పొగ రోడ్డు మీద పరుచుకుని ముందు పోయే ట్రాక్టరు కనపడదు. మా ఇంట్లో ఇన్‌హేలరు ఒక నెలకు వచ్చేది పదిరోజులకు అయిపోతుంది. ఇవన్నీ మా వాళ్ళకు తెలిసినవే, రోజూ చూసేవే. తెలిసిన కారణాలు వదిలేసి ఎవరూ చూడని మబ్బును సాక్ష్యానికి పిలవడం దేనికి?

కాల్చేవాడి ఇబ్బందీ చెప్పాలి. చేత్తో కోసినప్పుడు గడ్డి వాము వేసేవాళ్ళం, గొడ్లు తినేవి. మిషను కోతకు గడ్డి నలిగి, చెల్లాచెదరై, కొయ్యకాళ్ళు మోకాలెత్తున నిలబడతాయి. గొడ్లు ఎంతమందికి ఉన్నాయి ఇప్పుడు? ఐఏబీ (సాగునీటి సలహా మండలి) మీటింగులో రెండో పంటకు సోమశిల ప్రాజెక్టు నీళ్ళు వదులుతామన్నారంటే ఇక టెన్షన్ మొదలు. నీళ్ళు కాలవలోకి వచ్చేలోగా కయ్య ఖాళీ కావాలి. అగ్గిపుల్లకయ్యే ఖర్చుతో పోటీపడే పద్ధతి ఇంకా పుట్టలేదు. ఆఫీసరు మాట్లాడాల్సింది దీని గురించి.

మొన్న పున్నమికి ముందు రోజు రాత్రి కాలవ కట్ట మీద మామా నేనూ కూర్చున్నాం. కరెంటు పోయింది. చందమామ చుట్టూ పెద్ద గుడి కట్టింది. నేను చెయ్యి బారచాపి, జాన పెట్టి, బొటనవేలు చంద్రుడి మీద ఆనించాను. చిటికెనవేలు దాదాపు వలయం మీదికి వచ్చింది. 22 డిగ్రీలు అట్లా కొలవొచ్చని చెప్పాను. మామ కూడా చెయ్యి చాపాడు. ఆయన జానకూ సరిపోయింది.

"నా చెయ్యి నీదానికంటే పెద్దది గదా. ఇద్దరికీ ఎట్టా సరిపోద్ది?"

"చెయ్యి పెద్దదైతే రెట్టా పొడుగే కదా మామా. ఆ వేళ్ళు కంటికి అంత దూరం జరుగుతాయి."

కాసేపు వలయాన్నే చూశాడు. నేను పైమబ్బు, మంచు పలుకులు, పాకం, సైప్రస్ అన్నీ చెప్పాను. మధ్యలో ఒకసారి చుట్ట ఆరిపోతే వెలిగించుకున్నాడు.

"అయితే పొగవల్ల మన వాన పోదంటావు."

"పోదు."

"ఆ ముక్క మళ్ళా మీటింగులో నువ్వే లేచి చెప్పాల."

"చెబుతాను. మరి గడ్డి?"

"కట్టలు కట్టే మిషనోడికి ఫోన్ చేశా. మన కయ్యలోకి దిగాలంటే పక్కోడి కయ్య దాటాల. వాడింకా కొయ్యలా" అన్నాడు మామ, చుట్ట బూడిద కాలవలోకి దులుపుతూ. "వాడు కోసేలోగా నీళ్ళొదిలితే ఏం చెయ్యాలో గూడా ఆ మీటింగులోనే అడుగు."